తాళపు కన్నం వద్ద చెవి

ఆంగ్ల రచయిత జార్జ్ ఆర్వెల్ పుట్టింది మన దేశంలోనే, బీహారులోని మోతిహారిలో, 1903లో. తండ్రి బ్రిటిష్ ప్రభుత్వపు నల్లమందు శాఖలో ఉద్యోగి. ఆర్వెల్ రాసిన '1984' నవల 1949 జూన్‌లో వెలువడింది. మరుసటి జనవరిలోనే ఆయన క్షయవ్యాధితో కన్నుమూశారు. ఒకప్పుడు నా వద్ద చదువుకుని, నేడు హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తున్న యువకుడొకడు ఈ పుస్తకాన్ని నా చేతికిస్తూ, ఇది రాజకీయ నవల అన్నాడు. చదివిన తరువాత నాకిది కుటుంబాన్ని గురించిన గ్రంథంగానే తోచింది. నవలా పఠనం కాలహరణమని భావించే పెద్దలు మనలో ఉన్నారు. ఈ ఒక్కదాని విషయంలో వారితో ఏకీభవించలేను.

ఆ రాజ్యంలో ఉద్యోగుల ఇళ్లలో గోడకు ఒక తెర ఉంటుంది. అది చూపించడమే కాదు, చూస్తుంది కూడా. పాత పత్రికలలోని వార్తలను పాలకుల నేటి మాటకు తగినట్లు తిరగరాయడం విన్‌స్టన్ ఉద్యోగం. జూలియా అనే యువతి ఒకనాడు రహస్యంగా అతని చేతిలో ఒక చీటీ ఉంచుతుంది. అందులో ఉన్నది ప్రేమ మాట. వారిది వివాహబంధం కాదు, మన ధర్మం దానిని అంగీకరించదు. ఆ సంగతి చెప్పి ముందుకు సాగుతాను. చిత్రహింసలకు లొంగి నేరం ఒప్పుకుంటే అది ద్రోహం కాదనీ, ఒకరిపై ఒకరికున్న ప్రేమను హృదయంలో నుంచి తుడిచివేయగలిగితేనే ద్రోహమనీ వారిద్దరూ అనుకుంటారు. హృదయంలోకి ఎవరూ చొరబడలేరని వారి ధీమా. తీరా నమ్మి గది అద్దెకిచ్చిన దుకాణదారుడే రహస్య పోలీసుగా తేలుతాడు. చివరకు 101వ నంబరు గదిలో, ఆకలిగొన్న ఎలుకల బోనును ముఖానికి తగిలించబోతుండగా విన్‌స్టన్, ఈ శిక్ష జూలియాకు వేయండని అరుస్తాడు.

ఇక్కడ నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. హజ్రత్ అమ్మార్ బిన్ యాసిర్ (రజి) జ్ఞాపకం వచ్చారు. మక్కాలో తల్లి సుమయ్యా (రజి), తండ్రి యాసిర్ (రజి) హింసకు బలై అమరులయ్యారు. ఆయన మాత్రం బాధ భరించలేక శత్రువులు పలకమన్న మాటలు పలికి, విలపిస్తూ దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చారు. నీ హృదయం ఎలా ఉందని దైవప్రవక్త (స) అడిగారు. విశ్వాసంతో నిశ్చలంగా ఉందని జవాబు. వారు మళ్లీ బలవంతపెడితే మళ్లీ అలాగే పలకవచ్చని అనుమతి లభించింది. సూరా అన్ నహల్ 106వ ఆయత్ నేపథ్యంగా వ్యాఖ్యాతలు ఈ సంఘటననే పేర్కొంటారు. మరి విన్‌స్టన్‌కు ఈ మినహాయింపు వర్తిస్తుందా? మదరసాలలో బోధించే 'హిదాయా'లో బలవంతాన్ని గురించి 'ఇక్రాహ్' అనే అధ్యాయం ఉంది. ప్రాణభయంతో నాలుక జారితే క్షమ ఉంది. కానీ నీ ప్రాణం దక్కాలంటే మరొకరిని చంపమని బెదిరిస్తే, చంపడానికి అనుమతి లేదు, సహనమే మార్గం. ఒకరి ప్రాణం మరొకరి ప్రాణం కంటే విలువైనది కాదు గనుక. అమ్మార్ (రజి) తన మాటను మాత్రమే వదులుకున్నారు. విన్‌స్టన్ మరో మనిషిని అప్పగించాడు.

అయినా ఆ నవలలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఎలుకల బోను కాదు. విన్‌స్టన్ పొరుగున పార్సన్స్ అనే అమాయకుడుంటాడు. నిద్రలో పాలకుడికి వ్యతిరేకంగా ఏదో కలవరిస్తాడు. ఏడేళ్ల కూతురు తాళపు కన్నానికి చెవి ఆనించి విని, పోలీసులకు చెబుతుంది. జైలులో ఆ తండ్రి, బిడ్డను చక్కగా పెంచానని గర్వపడతాడు!

మా బోరబండ నుంచి హైటెక్ సిటీకి ఎంఎంటీఎస్ రైలులో ఒక్క స్టేషన్ దూరం. మన గల్లీల ఆడపిల్లలు అక్కడి కార్యాలయాలకు వెళుతున్నారు. మొన్న మగ్రిబ్ తరువాత ఒక తండ్రి నన్ను అడిగారు: "మౌలానా సాబ్, అమ్మాయికి తెలియకుండా ఆమె ఫోనులో ఒక యాప్ పెడితే ఎక్కడుందో, ఎవరితో మాట్లాడుతుందో అన్నీ కనబడతాయట. షరీఅత్‌లో అనుమతి ఉందా?"

ఆయన చెడ్డ తండ్రి కాదు, ఆయన భయమూ అబద్ధం కాదు. పసివాడి ఫోనును వాడి ఎదుటే తీసి చూడడం తర్బియత్. యుక్తవయస్కురాలైన కుమార్తె మాటలను చాటుగా వినడం మాత్రం సూరా అల్ హుజురాత్ 12వ ఆయత్ వారించిన గూఢచర్యమే. ఇమామ్ గజాలీ (రహ్మ) 'ఇహ్యా'లో ఒక సంఘటన ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) గోడ దూకి ఒక ఇంటిలోని తప్పును పట్టుకున్నారు. ఆ ఇంటివాడు, నేను చేసిన తప్పు ఒకటి, మీరు చేసినవి మూడు అన్నాడు: రహస్యం వెదికారు, గోడ దూకారు, సలాం చెప్పకుండా ప్రవేశించారు. అంతటి ఖలీఫా ఆ మాటకు అతడిని వదిలి వెళ్లారు. విన్‌స్టన్ ముఖం ముందు బోను ఉంది. ఈ తండ్రిని ఎవరు బలవంతపెట్టారు?

నగరం మనలను చూస్తూనే ఉంది. బంజారాహిల్స్‌లో పోలీసుల కమాండ్ కంట్రోల్ కేంద్రం 2022 ఆగస్టు 4న ప్రారంభమైంది. అంతకు ముందే, 2021లో రోడ్డు మీద పోలీసులు తన ఫోటో తీసిన తరువాత, సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ ముఖాలను గుర్తించే సాంకేతికతను తెలంగాణ హైకోర్టులో సవాలు చేశారు. వీధిలోని కెమెరాపై న్యాయస్థానానికి వెళ్లవచ్చు. తండ్రి పెట్టిన కెమెరాపై కూతురు ఎవరికి మొర పెట్టుకుంటుంది?

ఆయనతో, ఎదురుగా కూర్చోబెట్టి అడగండి అన్నాను. "నాకు చెప్పదు మౌలానా" అన్నారు. ఎప్పటి నుంచి చెప్పడం మానేసిందని అడిగాను. ఆయన తల వంచుకుని ఏవో సంవత్సరాలు లెక్కపెట్టుకోసాగారు. ఇంతలో ఇషా అజాన్ అయింది.