వేలిముద్ర నుంచి సంతకం దాకా

మా యానాంలో ఏటా ఇంటర్ ఫలితాలు రాగానే బ్యాంకులో నా బల్ల ముందు కుర్చీలకి గిరాకీ పెరుగుతుంది. విద్యారుణం పేరు చెప్పి వస్తారు గానీ సగంమంది అడిగేది రుణం గురించి కాదు, "ఏం చదివిస్తే మంచిదండీ?" అని. బీకాం చదివి బ్యాంకులో చేరినవాణ్ణి, నన్ను వైద్యవిద్య గురించి అడగడం చూస్తే నాకే నవ్వొస్తుంది. అప్పిచ్చేవాడికి అన్నీ తెలుస్తాయని మనవాళ్ల నమ్మకం. ఆ మధ్య అలా వచ్చిన ఒక తండ్రి అడిగిన మాట మాత్రం నన్ను చాలా రోజులు వదల్లేదు. "మా అమ్మాయికి ఎంబీబీఎస్ అందలేదండి. పాండిచ్చేరిలో ఫిజియోథెరపీ సీటొచ్చేలా ఉంది. ఆడపిల్లని అంతదూరం పంపి కరెంటు పెట్టడం నేర్పించాలంటారా?"

కరెంటు పెట్టడం! మన వైపు ఫిజియోథెరపీకి ఉన్న పేరు అదే. మెడ పట్టేస్తే కరెంటు, మోకాలు నొప్పెడితే కరెంటు. ఆ పెట్టెలూ తీగలూ ఈ చదువులో ఒక సబ్జెక్టు మాత్రమే. తక్కినదంతా వేరే ఉంది. మొదటి ఏడు శరీర నిర్మాణ శాస్త్రంతో మొదలవుతుంది. ఏ కండరం ఏ ఎముక దగ్గర పుట్టి ఎక్కడ అతుక్కుంటుంది, దానికి ఏ నరం వస్తుంది, అది పనిచేయకపోతే మనిషి నడక ఎలా మారుతుంది, ఇవన్నీ నోటికి రావాలి. ఆ పైన శరీర కదలికల వెనక ఉన్న భౌతికశాస్త్రం. ఇంటర్‌తో ఫిజిక్సు పీడ వదిలిందనుకున్న బైపీసీ పిల్లలకి ఇక్కడ మళ్లీ ఎదురవుతుంది. తరవాత ఎముకలు, నరాలు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులు, ఆసుపత్రి వార్డుల్లో పని. చాలాకాలం ఇది నాలుగేళ్ల చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్పుగా నడిచింది. 2021లో పార్లమెంటు చేసిన చట్టంతో ఈ వృత్తులకి జాతీయ కమిషన్ వచ్చింది. 2025లో ప్రకటించిన కొత్త పాఠ్యప్రణాళికలో ఏడాది ఇంటర్న్‌షిప్పుతో కలిపి మొత్తం ఐదేళ్లు చేశారు. ఐదేళ్లు చదివి నేర్చుకునేది స్విచ్చి నొక్కడం కాదని వేరే చెప్పనక్కర్లేదు కదా.

లెక్కలవాణ్ణి కనుక ఈ చదువులో నాకు బాగా నచ్చింది వాళ్ల లెక్క. కండరం బలాన్ని వాళ్లు 0 నుంచి 5 దాకా అంకెల్లో రాస్తారు. మోచేయి మడవమన్నారనుకోండి. కండరంలో ఉలుకూ పలుకూ లేకపోతే 0. చెయ్యి కదలకపోయినా, వేలితో తాకితే లోపల చిన్న అదురు తెలిస్తే 1. చేతిని బల్ల మీద ఆనించి పక్కకి జరపమంటే జరుగుతుంది గానీ పైకి లేవదు, అది 2. భూమ్యాకర్షణకి ఎదురుగా తనంతట తాను లేస్తే 3. ఎదుటివాళ్లు కాస్త అడ్డుపెట్టినా లేస్తే 4. మామూలు బలం 5. కీలు ఎంతవరకు వంగుతోందో కొలవడానికి గోనియోమీటరని ఒకటుంటుంది. జామెట్రీ బాక్సులోని కోణమానినికి రెండు చేతులు తగిలించినట్టుంటుంది. నిన్న మోకాలు 70 డిగ్రీలు వంగింది, ఇవాళ 75 అని పుస్తకంలో పడుతుంది. మన పాసుబుక్కులో పద్దులు పడ్డట్టే. రోగికీ ఇంట్లోవాళ్లకీ ఏ మార్పూ కనిపించని రోజుల్లో ఆ పద్దులే ధైర్యం. 1 నుంచి 2కి రావడానికి వారాలు పట్టవచ్చు, ఒక్కోసారి రాకపోనూవచ్చు. ఆ మాట రోగికి అబద్ధం లేకుండా, ఆశ చావకుండా చెప్పడం కూడా ఈ చదువులో భాగమేనట.

రెండో సగం పేరు రిహాబిలిటేషన్, తెలుగులో పునరావాసం అంటున్నారు. గోదావరి జిల్లాల్లో పునరావాసమంటే మనకి ముందు గుర్తొచ్చేది పోలవరం ముంపు గ్రామాలు. వైద్యంలో ఆ మాటకి అర్థం, మనిషిని తన ఇంట్లో, తన పనిలో మళ్లీ నిలబెట్టడం. ఇది నాకు పుస్తకంలో కంటే కౌంటరు దగ్గరే బాగా అర్థమైంది. ఏటా నవంబరులో పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వస్తారు కదా. పక్షవాతం వచ్చినవారి సంతకం మా దగ్గరున్న నమూనాతో కలవదు. దానికి రిజర్వు బ్యాంకు దారి చూపింది. సంతకం చేయలేనివారి వేలిముద్ర, అదీ వీలుకాకపోతే కాలి వేలిముద్ర తీసుకోవచ్చు. బ్యాంకుకి తెలిసిన ఇద్దరు సాక్షులుండాలి, వారిలో ఒకరు బాధ్యతగల బ్యాంకు అధికారి కావాలి. అలా సాక్షి సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ముప్పై ఏళ్లు పిల్లల చేత అక్షరాలు దిద్దించిన ఒక రిటైర్డు మాస్టారు సిరా బిళ్ల మీద బొటనవేలు అద్ది, ఆ వేలిని తుడుచుకుంటూ నా వైపు చూడకుండా కూర్చున్నారు. డబ్బు చేతికొచ్చింది. కానీ ఆయనకి పోయింది డబ్బు కాదు.

ఆయన ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టు కాకినాడ అమ్మాయి. మొదటి రోజే అడిగిందట, "మాస్టారూ, మీకు ముందు ఏం కావాలి? నడకా? చేతితో ఏదైనా పనా?" అని. ఆయన సంతకం అన్నారు. అప్పట్నుంచి ఆయనకి వ్యాయామాలంటే చొక్కా గుండీలు పెట్టుకోవడం, గ్లాసు పట్టుకోవడం, అన్నం కలుపుకోవడం, బట్టలకి పెట్టే క్లిప్పులు దండెం మీద పెట్టి తీయడం. ఆ తరవాతే కలం. నిజానికి చేతిపనుల శిక్షణకి ఆక్యుపేషనల్ థెరపీ అని వేరే చదువు ఉంది. పెద్ద ఆసుపత్రుల్లో రెండింటికీ వేర్వేరు మనుషులుంటారు. మనలాంటి చిన్న ఊళ్లలో ఫిజియోథెరపిస్టే రెండూ మోస్తారు. ఎనిమిది నెలలకి మాస్టారు మా బ్రాంచికి వచ్చి కొత్త నమూనా సంతకం ఇచ్చారు. పాతదానిలా లేదు, కొమ్ములు వంకర పోయాయి. అయినా అది సంతకం.

ఇక్కడ ఇళ్లలో జరిగే రెండు సంగతులు చెప్పాలి. పక్షవాతం రాగానే పావురం రక్తం పూయాలనీ, ఫలానా ఊళ్లో నాటుమందు పోస్తారనీ మొదటి రోజులన్నీ ప్రయాణాల్లో గడిపే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. మెదడులో దెబ్బతిన్న భాగం చేసే పనిని మిగిలిన భాగాలు కొంతవరకు నేర్చుకుంటాయి. ఆ నేర్పు బాగా అబ్బేది తొలి నెలల్లోనే. ఆ నెలలు పోతే డబ్బు పెట్టినా తిరిగి కొనుక్కోలేం. రెండోది, మంచం మీంచి లేపేటప్పుడు పడిపోయిన చేతిని పట్టుకుని లాగడం. పట్టు లేని కండరాలు భుజం కీలుని పట్టి ఉంచలేవు. అలా లాగితే కీలు జారి, చేతితోపాటు భుజం నొప్పి కూడా మిగులుతుంది. ఎలా లేపాలో ఇంటివాళ్లకి నేర్పడం ఫిజియోథెరపిస్టు పనుల్లో ఒకటి. అడిగి నేర్చుకోండి.

మన పత్రిక చదివేవారిలో చాలామంది ఉద్యోగరీత్యా భిలాయ్‌లోనో, కలకత్తాలోనో, సముద్రాల అవతలో ఉన్నారు. అమ్మానాన్నలు ఇక్కడున్నారు. నాన్నగారికి మోకాలు ఆపరేషనయితే కొడుకు అక్కణ్ణించి ఖరీదైన యంత్రం పంపుతాడు. అది నెల తిరక్కుండా మంచం కిందికి చేరడం నేను చాలా ఇళ్లలో చూశాను. ఆ డబ్బు నెలనెలా ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టుకి ఇస్తే మనిషి లేచి గుమ్మం దాకా వస్తాడు. పనిచేసేది పెద్దాయన సొంత కండరాలే, చేయించడానికి పక్కన మనిషి కావాలి.

ఈ చదువు మన దేశానికి వచ్చిన కథ కూడా బాధలోంచి పుట్టిందే. 1952లో బొంబాయిలో పోలియో విజృంభించింది. మరుసటి ఏడు, 1953లో, అక్కడి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో మన దేశపు తొలి ఫిజియోథెరపీ పాఠశాల మొదలైంది. ఇక మనవాళ్లు ఏ పెద్ద జబ్బుకైనా పరుగెత్తే రాయవేలూరు సంగతి చూడండి. 1954లో అక్కడి యువ డాక్టరు మేరీ వర్గీస్ కారు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని నడుం కింద చచ్చుబడిపోయారు. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకి శస్త్రచికిత్సలు చేశారు. తరవాత న్యూయార్కు వెళ్లి పునరావాస వైద్యం చదివి వచ్చారు. 1966లో రాయవేలూరులో మొదలైన పునరావాస కేంద్రం ఆవిడ చలవే. 1972లో పద్మశ్రీ ఇచ్చారు. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014లో పోలియో లేని దేశమన్నారు. అంతమాత్రాన ఈ వృత్తికి పని తగ్గలేదు. మోటారు సైకిళ్లు, చక్కెర జబ్బు, బీపీ, పెరిగిన ఆయుర్దాయం, పని కల్పించడానికి ఇవి చాలు. ప్రపంచంలో 240 కోట్లమందికి పునరావాస వైద్యం వల్ల మేలు జరిగే స్థితి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

ఇక ఆ తండ్రి అడిగిన దూరం సంగతి. యానాం పుదుచ్చేరి పాలనలోది. చుట్టూ ఆంధ్రా ఉన్నా మన పిల్లల సీట్ల వ్యవహారం 800 కిలోమీటర్ల పైన ఉన్న పుదుచ్చేరిలో సెంటాక్ చేతిలో ఉంటుంది. అక్కడి మదర్ థెరిసా ఆరోగ్య శాస్త్రాల సంస్థలో ఫిజియోథెరపీ డిగ్రీ ఉంది, ప్రభుత్వానిది కనుక ఫీజు అందుబాటులో ఉంటుంది. యానాం పిల్లలకి ప్రాంతీయ కోటా ఉంది. ప్రవేశ నిబంధనలు మారుతుంటాయి కనుక ఆ ఏటి బ్రోచరు చూడకుండా పక్కింటివారి మాట మీద దరఖాస్తు చేయకండి. నేను ఆ తండ్రితో పంపమనే చెప్పాను. పంపారు. ఆ పిల్లకి మొదటి ఏడు కష్టపెట్టింది అనాటమీ కాదు, తమిళం! వార్డులో ముసలమ్మకి కాలు మడవమని తెలుగులో చెబితే ఏం లాభం? సెలవులకి ఇంటికొచ్చి, మామ్మ మోకాలు పట్టుకుని "మడక్కుంగ, నీట్టుంగ" అంటుంటే ఇల్లంతా నవ్వులట. మామ్మ మాత్రం రోజూ పొద్దున్న పది సార్లు మడుస్తున్నారు, చాపుతున్నారు.

డబ్బు మాట చెప్పకపోతే నా ఉద్యోగానికి అన్యాయం. బ్యాంకుల నమూనా విద్యారుణ పథకంలో ఏడున్నర లక్షల దాకా తాకట్టు అడగరు. చదువయ్యాక ఇంకో ఏడాది గడువుంటుంది, కానీ వడ్డీ మాత్రం మొదటి రోజునుంచే నడుస్తుంది. వీలైతే వడ్డీ అప్పటికప్పుడు కట్టేయండి. ఈ వృత్తిలో తొలి జీతాలు చిన్నవి. లక్షలు పోసి ప్రైవేటు కాలేజీలో చేర్పించేముందు, వాయిదా ఆ తొలి జీతంలోంచి వెళ్లగలదా అని కాగితం మీద వేసి చూసుకోండి. ఈ డిగ్రీ ఉంటే అమెరికా తలుపు తెరిచే ఉంటుందన్న మాట కూడా నమ్మకండి. అక్కడ ఇప్పుడు కొత్తగా చదివేవారికి డాక్టరేటు స్థాయి డిగ్రీ ఉంటేనే ప్రవేశం. మన డిగ్రీని వాళ్లు సబ్జెక్టు సబ్జెక్టుకీ తూచి చూస్తారు, ఆ పైన లైసెన్సు పరీక్ష. వెళ్లినవాళ్లు లేకపోలేదు, తేలిగ్గా వెళ్లినవాళ్లు తక్కువ.

మా ఊళ్లో జిప్మర్ వారి 90 పడకల ప్రత్యేక వైద్య విభాగాన్ని 2024 ఫిబ్రవరిలో ప్రారంభించారు. పడకలున్నచోట లేపి నడిపించే చేతులు కావాలి. సీటు కోసం చూస్తున్న పిల్లలకి నేను చెప్పేది ఒకటే: దరఖాస్తు చేసేముందు ఏ ఆసుపత్రిలోనైనా అనుమతి అడిగి ఫిజియోథెరపీ గదిలో ఒక పూట కూర్చోండి. ఒకే పని, ఒకే మనిషి చేత, ముప్పై సార్లు చేయిస్తారు. అది చూసి విసుగు పుడితే వేరే చదువు చూసుకోండి. ఇరవై ఎనిమిదో సారి ఆ చెయ్యి కాస్త ఎక్కువ లేచిందని మీ కంటికి తెలిస్తే చేరండి.

విద్యారుణానికి ఏయే కాగితాలు కావాలో రాయమని ఇద్దరు పాఠకులు అడిగారు. వచ్చే సంచికలో.