శస్త్రచికిత్స బెంగుళూరులో, భోజనం హిందూపురంలో

వైద్యవృత్తి నుండి విరమించిన తరువాత నా వద్దకు రోగుల రాక తగ్గింది గాని, కాగితాల రాక తగ్గలేదు. పాత రోగులు, వారి కొడుకులు, కోడళ్లు ఫైళ్లు పట్టుకొని వచ్చి "ఒక్కసారి చూడండి సార్" అని బల్ల మీద పెడతారు. కొన్నేళ్లుగా ఆ ఫైళ్లలో ఒక కొత్త రకం చేరింది. అవి బరువు తగ్గించే శస్త్రచికిత్స, అంటే బేరియాట్రిక్ సర్జరీ, చేయించుకున్నవారివి. హిందూపురం నుండి బెంగుళూరు సుమారు వంద కిలోమీటర్లే. పెనుకొండవారికి జాతీయ రహదారి దగ్గరలోనే ఉన్నది, ధర్మవరంవారికి రైలు ఉన్నది. ఆపరేషన్ చేయించుకొని మూడు నాలుగు రోజులలో ఇల్లు చేరుతున్నారు.

ఆ ఫైలు చివరన ఒక ఆహారపట్టిక ఉంటుంది. నేను చూసినవి చాలావరకు ఇంగ్లీషులోనే ఉన్నాయి. మొదట క్లియర్ సూప్, ఆ తరువాత ప్యూరీ, ఆ తరువాత కాటేజ్ చీజ్, ట్యూనా చేప. పెనుకొండ సంతలో ట్యూనా చేప కోసం వెతుకుతున్న మనిషిని ఊహించుకొని నేను నవ్వుకున్న మాట నిజమే. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. అర్థం కాని పట్టికను ఇంట్లో ఎవరూ చదవరు. దాని స్థానంలో అవ్వ చెప్పిన మాట, పక్కింటివారి సలహా, యూట్యూబులో చూసినది వచ్చి కూర్చుంటాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నేను ఈ శస్త్రచికిత్సకు వ్యతిరేకిని కాను. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో 36 శాతం మంది అధికబరువుతోనో స్థూలకాయంతోనో ఉన్నారు. మధుమేహం అదుపు తప్పి, మోకాళ్లు అరిగి, నిద్రలో ఊపిరి ఆగి లేచేవారికి ఈ ఆపరేషన్ నిజంగా మేలు చేస్తుంది. అయితే ఆపరేషన్ రెండు గంటల పని. ఆ తరువాతి మూడు నెలల తిండి అంతకంటె పెద్ద పని, అది జరిగేది మన వంటింట్లో. మన వంటింటి భాషలో ఆహారక్రమం రాసి ఇవ్వని చోట, ఊళ్లో తదుపరి పరీక్షలు ఎవరు చూస్తారో చెప్పని చోట మీరు అంగీకారపత్రం మీద సంతకం పెట్టవద్దని నేను అంటాను.

ఎందుకంత గట్టిగా అంటున్నానో తెలియాలంటే లోపల ఏమి మారుతుందో తెలియాలి. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ అనే పద్ధతిలో జీర్ణకోశంలో ముప్పాతిక వంతు, కొన్నిసార్లు అంతకు మించి, కత్తిరించి తీసివేస్తారు. మిగిలిన గొట్టంలో పట్టేది 100 నుండి 150 మిల్లీలీటర్లు. టీ అంగడిలోని చిన్న గ్లాసును తలచుకోండి, దాదాపు అంతే. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో పైభాగాన 30 మిల్లీలీటర్ల చిన్న సంచి చేసి, దానిని చిన్నప్రేగుకు కలుపుతారు. ఆహారం చిన్నప్రేగు మొదటి భాగాన్ని తాకకుండా దాటిపోతుంది. ఈ ఆలోచనకు మూలపురుషుడు అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయపు శస్త్రవైద్యుడు ఎడ్వర్డ్ మేసన్. అల్సర్ కోసం కడుపులో కొంత భాగం తీసివేసినవారు బరువు తగ్గడం గమనించి, 1966లో చికాషి ఇటోతో కలిసి ఆయన ఈ మార్గం పట్టారు. నా తరం వైద్యులకు అందుకే ఇది పూర్తిగా కొత్త కాదు. దక్షిణ భారతంలో అల్సర్ ఆపరేషన్లు విరివిగా జరిగిన రోజులలో, అన్నం తిన్న పావుగంటకే చెమటలు పట్టి పడుకునేవారిని మేము చాలామందిని చూశాము.

కుట్లు మానేదాకా ఆ గొట్టం మీద ఒత్తిడి పడరాదు. అందుకే ద్రవం, మెత్తని గుజ్జు, మృదువైన ఆహారం, ఆపై మామూలు భోజనం అనే మెట్లు. వైద్యులను బట్టి కొద్ది రోజులు అటూ ఇటూ అయినా, మొదటి ఒకటి రెండు రోజులు తేటనీరు వంటివి, రెండవ వారం ముగిసేదాకా పాలు మజ్జిగ వంటి ద్రవాలు, మూడు నాలుగు వారాలలో గుజ్జు, ఆ తరువాత ఆరు నుండి ఎనిమిది వారాల వరకు మృదువైన ఆహారం. మన ఇళ్లలో వీటికి లోటు లేదు. మజ్జిగ తేట, వడగట్టిన పప్పుకట్టు, కారం లేని పలుచని చారు మొదటి మెట్టుకు సరిపోతాయి. గుజ్జు అంటే మెత్తగా ఉడికి మిక్సీలో తిరిగిన పెసరపప్పు, నలిపిన గుడ్డు, చిక్కని పెరుగు. ఇక మృదువైన ఆహారం దగ్గరకు వచ్చేసరికి ఉడికిన కూరలు, పప్పు, మెత్తని పనీరు, తినేవారైతే బాగా ఉడికిన చేప. ఉగ్గాని మెత్తగా ఉంటుంది కాబట్టి తినవచ్చునా అని చాలామంది అడుగుతారు. నానిన బొరుగులు రెండు మూడు చెంచాలు, అదీ ఆరవ వారం దాటాక, తినవచ్చు. పక్కనున్న మిరపకాయ బజ్జీని మాత్రం ఉగ్గాని నుండి విడదీయాలి. మన ప్రాంతంలో అది కుటుంబాన్ని విడదీసినంత కష్టమని నాకు తెలుసు.

అసలు చిక్కు రాగిముద్దతో వస్తుంది. ముద్దను నమలరాదు, పప్పులో అద్ది మింగాలి అని మనం పసిపిల్లలకు నేర్పుతాము. నమిలేవాణ్ణి చూసి నవ్వుతాము. ఆపరేషన్ అయినవారికి ఇచ్చే మొదటి ఆదేశం దీనికి సరిగ్గా ఎదురు: ప్రతి ముద్దనూ ఇరవై ముప్పై సార్లు నమిలి, నీరైన తరువాతనే మింగాలి. నలభై ఏళ్ల అలవాటు ఒక కాగితంతో పోదు. మింగిన సంగటి ఆ సన్నని గొట్టం పైన బిళ్లలాగా కూర్చుంటుంది. ఛాతీలో నొప్పి, నోట నీరు ఊరడం, ఆ వెంటనే వాంతి. గుండెపోటని భయపడి పరుగెత్తుకొచ్చినవారూ ఉన్నారు. మెత్తగా ఉడికిన అన్నం, బన్ను కూడా ఇలాగే ఉండ కడతాయి.

రాగిజావకు మాత్రం ద్రవాహార దశలో చోటు ఉన్నది. కాని జావ తాగితే బలమంతా వచ్చేసినట్టే అనుకోవడం పొరపాటు. రాగులలో సున్నం అధికమే. 100 గ్రాములలో దాదాపు 350 మిల్లీగ్రాములు. మాంసకృత్తులు మాత్రం 7 గ్రాములే. గ్లాసు జావకు పట్టే పిండి 20 గ్రాములు. అంటే గ్లాసుకు ఒకటిన్నర గ్రాము. ఈ ఆపరేషన్ అయినవారికి రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. నాలుగు గ్లాసుల జావ తాగినా 6 గ్రాములే! లోటును శరీరం తన కండరాల నుండి తీసుకుంటుంది. తూకంలో బరువు తగ్గుతుంటే ఇంట్లోవారు సంతోషిస్తుంటారు, తగ్గుతున్నది కండ. ఉలవకట్టు విషయమూ అంతే. ఉలవలో బలం ఉన్నది నిజమే, అందులో అధికభాగం గింజలోనే మిగులుతుంది. గింజను ఉడికించి, రుబ్బి, జల్లించి ఇవ్వగలిగితే ప్రయోజనం.

లెక్క ఇలా వేసుకోండి. అరలీటరు పాలు లేదా మజ్జిగ కాని పెరుగు రూపంలో 16 గ్రాములు, రెండు గుడ్లలో 12, యాభై గ్రాముల పప్పు ఉడికిస్తే 11. ఇంకా 20 గ్రాములు కావాలి. మొదటి నెలలో ఇంత పరిమాణం కడుపులో పట్టదు కనుక ప్రొటీన్ పొడి రాస్తారు. దానిని కొనలేనివారు వెన్న తీసిన పాలపొడిని పాలలోనో మజ్జిగలోనో కలుపుకోవచ్చు. 30 గ్రాముల పొడిలో సుమారు 10 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పాలు పడనివారు ముందుగా కొద్దిగా ప్రయత్నించాలి.

నీటి విషయంలో మా ధర్మవరం మగ్గాలవారికి ఒక మాట. రోజుకు లీటరున్నర తాగాలి, ఒక్క గుక్కలో కాదు. భోజనంతో పాటు తాగరాదు, తిన్న అరగంట తరువాత తాగాలి. ఎండాకాలంలో పట్టునేతకు కూర్చుంటే గంటల తరబడి నీటి ఊసే ఉండదు. మగ్గం పక్కన సీసా పెట్టుకొని, కొన్ని పోగుల నేతకొకసారి ఒక గుటక వేసే పద్ధతిని ఒక నేతకారుడు తనే కనిపెట్టుకున్నాడు. నా సలహా కంటె అది మేలు.

హిందూపురం బెల్లపు ఊరు. ఓళిగ లేని ఉగాది లేదు. బైపాస్ అయినవారిలో తీపి ఒక్కసారిగా ప్రేగులోకి దిగితే, పావుగంట అరగంటలో చెమటలు, గుండెదడ, కడుపునొప్పి, విరేచనం కలుగుతాయి. దీనిని డంపింగ్ అంటారు. ఇంట్లోవారు షుగర్ పడిపోయిందనుకొని మళ్లీ బెల్లంనీళ్లు పోస్తారు. ముందు గ్లూకోమీటరుతో చూడండి. తిన్న గంట నుండి మూడు గంటల మధ్య నిజంగానే షుగర్ తగ్గే రకం ఒకటి ఉన్నది. రెండింటి చికిత్స వేరు.

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇప్పుడు చెబుతాను. ధర్మవరం ప్రాంతపు ఒక గృహిణి ఫైలు అది. ఆపరేషన్ అయిన రెండవ నెలలో వాంతులు మొదలైనాయి. "కడుపు కోశారు కదా, వాంతులు మామూలే" అని ఇంట్లో సరిపెట్టుకున్నారు. మూడు వారాలు గడిచాయి. నీరసం అన్నప్పుడల్లా దగ్గరలోని ఒక క్లినిక్కులో గ్లూకోజు సీసాలు ఎక్కించారు. ఒకనాటి ఉదయం ఆమెకు ఒకటి రెండుగా కనిపించింది. నడిస్తే తూలింది. సాయంత్రానికి తన కూతురిని గుర్తుపట్టడంలో తడబడింది. అది వెర్నికె వ్యాధి. బి1 విటమిన్, అంటే థయమిన్, నిండుకోవడం వలన మెదడుకు జరిగే హాని. నడక తిరిగి వచ్చింది. జ్ఞాపకశక్తి పూర్తిగా రాలేదు.

థయమిన్ మన ఒంట్లో రెండు మూడు వారాలకు మించి నిలువ ఉండదు. గ్లూకోజును శక్తిగా మార్చుకోవాలంటే అది కావాలి. లేని చోట గ్లూకోజు ఎక్కిస్తే మిగిలిన ఆ కొద్దిపాటి కూడా ఖర్చయిపోతుంది. మన ఊళ్లలో నీరసానికి గ్లూకోజు సీసా ఒక ఆచారమైపోయింది. అడిగేది రోగులే, కాదనలేనివారు వైద్యులు. ఇందులో నా వృత్తివారిని నేను వెనకేసుకు రాను. ఆపరేషన్ అయినవారికి వాంతులు రెండు మూడు రోజులు ఆగకపోతే గ్లూకోజుకు ముందే థయమిన్ ఇంజెక్షన్ పడాలి. ఖరీదు కొద్ది రూపాయలు. ఆ తరువాత, గొట్టం ఎక్కడైనా ఇరుకైందేమో చూడడానికి ఆపరేషన్ చేసినవారి వద్దకు పంపాలి. రోగి వైపు నుండి కావలసింది ఒకే వాక్యం: "నాకు బరువు తగ్గే ఆపరేషన్ అయింది, బి1 ఇచ్చారా సార్?"

ఇది మన నేలకు తెలియని జబ్బు కాదు. థయమిన్ లోపంతోనే వచ్చే బెరిబెరి ఒకప్పుడు ఉత్తర సర్కారు జిల్లాలలో పాతుకొని ఉండేది. మర పట్టిన తెల్లబియ్యం దానికి మూలం. రాబర్ట్ మెకారిసన్ కూనూరు ప్రయోగశాలలో దాని మీద పరిశోధించారు. ఆ సంస్థే 1958లో హైదరాబాదుకు వచ్చి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. రాగి, జొన్న, కొర్ర తిన్న మన సీమలో ఆ బాధ తక్కువ. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చి ఆకలి తీర్చింది. దానిని తప్పుపట్టే సాహసం చేయను. కాని పళ్లెంలో తెల్లన్నం పెరిగి ముద్ద తగ్గింది, నడుములు పెరిగాయి. తెల్లబియ్యపు జబ్బు ఇన్నాళ్లకు ఆపరేషన్ గది దారిన మన సీమకు రావడం వింతే.

ఇంట్లోవారి గురించి ఒక మాట. చాలామంది స్త్రీలు ఈ ఆపరేషన్‌ను అత్తవారింట దాస్తున్నారు. గర్భసంచి ఆపరేషన్ అనో, గాల్‌స్టోన్స్ అనో చెబుతున్నారు. అనుమానం రాకుండా ఉండాలని పెళ్లివిందులో నిండు విస్తరి ముందు కూర్చుంటున్నారు. తిని, చాటుకు వెళ్లి కక్కుకుంటున్నారు. కొసరి కొసరి వడ్డించడం మన మర్యాద. "ఇంతేనా తినేది, ఎట్లా బతుకుతావమ్మా" అనే అవ్వ ప్రేమలో కల్మషం లేదు. ఆమెకు నిజం చెబితే ఆమే కాపలా కాస్తుంది. అటువంటి అవ్వను నేను పెనుకొండలో చూశాను. మనవడి పళ్లెం ముందు కూర్చొని నమలడం లెక్కపెట్టేది.

మిగిలినవి క్లుప్తంగా. విటమిన్లు, ఇనుము, సున్నం మాత్రలు జీవితాంతం. ఏడాది తరువాత బాగున్నామని మానేస్తారు. శాకాహారులలో బి12 లోపం అప్పుడే తిమ్మిర్లుగా బయటపడుతుంది. బైపాస్ అయినవారు మందుల షాపులో అడిగి తీసుకునే నొప్పిమాత్రలు మింగరాదు, పుండ్లు పడతాయి. మద్యం త్వరగా ఎక్కుతుంది, అలవాటూ త్వరగా ముదురుతుంది. మూడవ నెల నుండి జుట్టు రాలితే భయపడవద్దు, మాంసకృత్తుల లెక్క మళ్లీ చూసుకోండి. ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం దాల్చకూడదు.

పెనుకొండ అవ్వ మనవడు కార్ల కర్మాగారంలో షిఫ్టు పని చేస్తాడు. అతని ఇంగ్లీషు పట్టిక వెనుకవైపు నేను తెలుగులో వారాలవారీగా రాసి ఇచ్చాను. మూడవ నెల దాటాక ఫోన్ చేశాడు. "సార్, ముద్ద తినొచ్చునా?" ఉసిరికాయంత తీసుకో, నమిలి తిను, ఆపై ఏమైందో చెప్పు అన్నాను. మరునాడు మళ్లీ చేశాడు. వాంతి కాలేదట, నొప్పి రాలేదట. "కాని నమిలితే ముద్ద రుచే లేదు సార్," అన్నాడు.