వేషము చాలదు

నలుగురైదుగురు మిత్రులు బల్లచుట్టు గూర్చుండి తలకొక పాత్రను ధరింతురు. ఒకరు సూత్రధారులై కథ నడుపుదురు. తక్కినవారు తమ పాత్రల మాట మాటాడి, తమ పాత్రల పని చేయుదురు. జయాపజయములను పాచిక నిర్ణయించును. కథ యొక్క రాత్రితో ముగియవచ్చును; ఏడాదియు సాగవచ్చును. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ప్రకటించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో వ్యాప్తికి వచ్చిన యీ పాత్రధారణ క్రీడ నేడు మన నగరములకును వచ్చియున్నది. ఆసియా చరిత్రలును పురాణములును దీనికి ముడిసరుకులగుచున్నవి. కనుక దీనిని పిల్లలాట యని త్రోసివేయుట తగదు.

మనలో కొందరు పెద్దలు “దేవతలతో ఆటలా?” యని చెవులు మూసికొందురు. ఈ యాక్షేపణ నిలువదు. వైకుంఠపాళి యెవరి యాట? పుణ్యమును నిచ్చెనగా, పాపమును పాముగా గీసి, గవ్వలు వేసి పరమపదమున కెగబ్రాకినది మన తాతలు గారా? పగటివేషగాండ్రు అర్ధనారీశ్వరులై వీధివీధి దిరిగిరి. చిందువారు రాత్రులంతయు పురాణపురుషులై యాడిరి. వ్యాసభారతమున లేని శశిరేఖ పెండ్లికథను మన జనులు కల్పించుకొని తరతరములుగా నాడుకొనిరి. ఆడుటచేత పురాణము చెడలేదు, బ్రదికినది. ఆటను నిషేధింపుడని కోరువారు తమ యింటి చరిత్రనే యెరుగరు.

మా వ్యాజ్యెము వేరు. 1980లో ఆ క్రీడకై వెలువడిన ‘డెయిటీస్ అండ్ డెమిగాడ్స్’ అను గ్రంథము ఇంద్రునికి, అగ్నికి ప్రాణబలమును అంకెలలో గట్టినది. గ్రీకు దేవతలకును అట్లే గట్టినది గనుక దీనిని మనకు మాత్రమే జరిగిన యవమానమని మేము వాదింపము. మా యాక్షేపణ యా పనిలోని దారిద్ర్యమును గూర్చినది. దేవుని పేరు, ఆయుధము, బలము తీసికొని కథను వదలివేసిరి. 1985లో ‘ఓరియంటల్ అడ్వెంచర్స్’ వచ్చినది. పేరు చూడ ప్రాచ్యఖండమంతయు. లోన చూడ ముఖ్యముగా జపాను, చీనాల ఛాయలు, సామురాయిలు, నింజాలు! 2020లో ప్రకాశకులు తమ పాత పుస్తకములపై, వీనిలో దురభిప్రాయములు గలవని హెచ్చరిక చేర్చిరి. మంచిదే. కాని హెచ్చరికచీటి యంటించినంత మాత్రమున ఖాళీకుండ నిండునా? 2022లో వారే యొక సంపుటమును వెలువరించి, అందొక కథను కలకత్తాలో బుట్టిన రచయిత్రి మిమీ మండల్‌చే వంగదేశపు ఛాయలతో వ్రాయించిరి. ఆ నేల నెరిగినవారిచే ఆ నేల కథ చెప్పించుటయే సరియైన మార్గము.

అయినను మనవారు వ్రాసినంతనే చాలునా? ఖడ్గమునకు బదులు గద, దయ్యమునకు బదులు రాక్షసుడు, కోటకు బదులు ఓరుగల్లు పెట్టి “ఇది మన యాట” యనుట వేషము మార్చుటయే. మన కథలలో వేషముతోబాటు నియమము గలదు. నియమము దప్పిన చెల్లింపవలసిన మూల్యము గలదు. తిక్కన తెనుగు భారతమును ప్రారంభించిన విరాటపర్వమునే చూడుడు. పండ్రెండేండ్లు అడవి, పదుమూడవయేడు అజ్ఞాతవాసము. గుర్తింపబడిన మరల పండ్రెండేండ్లు అడవి. ధర్మరాజు కంకుడు, భీముడు వలలుడు, అర్జునుడు బృహన్నల, ద్రౌపది సైరంధ్రి. నిండుసభలో కీచకుడు ద్రౌపదిని దన్నినప్పుడు భీముని చూపు చెట్టుమీద బడినది. వంటకట్టెలకైన వెలుపలి చెట్టు చూచుకొమ్మని కంకుడు వానిని వారించెను. భీముని పాత్ర ధరించిన యువకుడు ఆ క్షణమున నేమి చేయును? కొట్టిన నందరికిని అడవి. ఊరకున్న భార్యకు పరాభవము. ఏ పాచికయు నీ చిక్కును విప్పదు. ఆ చిక్కును యువకుని గుండెమీద బెట్టగలిగినదే భారతమును ఆడించిన యాట.

చరిత్రయు నట్టిదే. 1708లో ఓరుగల్లును కొల్లగొట్టి, 1710లో చంపబడిన సర్వాయి పాపన్నను మొగలు చరిత్రకారుడు ఖాఫీఖాను దోపిడికాడనెను. మన పాటగాండ్రు వీరుడనిరి. ఒకరు మొగలు సుబేదారు, ఒకరు పాపన్న, ఒకరు సొత్తు పోగొట్టుకొన్న వర్తకుడు అయి కూర్చుండినచో మూడు నోళ్లును తమ న్యాయము చెప్పుకొనును. పరీక్షకై బట్టీపట్టిన చరిత్ర యిట్లు చెప్పించునా?

ఈ కథలను మోసినవారి ఋణ మొకటి యున్నది. 2024లో చిందు యక్షగాన కళాకారులు గడ్డం సమ్మయ్యగారికిని, మా పొరుగు జిల్లా నారాయణపేటకు చెందిన బుర్రవీణ విద్వాంసులు దాసరి కొండప్పగారికిని పద్మశ్రీ లభించినది. బిరుదు వచ్చినది, వినువారేరి? నేర్చుకొనువారేరి? వారి కథలతో ఆట గట్టి యమ్ముకొనువారు గురువుల పేరు పుస్తకమున వేయవలయును, వచ్చినదానిలో పాలు ఈయవలయును. వారి నోటి కథను ఉచితముగా గొనిపోవుట దోపిడియే. చేయువారు విదేశీయులైనను మనవారైనను న్యాయ మొక్కటే.

బొంరాస్‌పేట యువకులారా! తాండూరు, వికారాబాదు విద్యార్థులారా! దీనికి ధనమక్కరలేదు. గ్రంథాలయపు మూల యొకటి, లేదా బడి వరండా, నాలుగు గవ్వలు, విరాటపర్వము, చదివి చెప్పగల సూత్రధారు లొకరు. వారమున కొక సాయంకాలము కూర్చుండుడు. నియమములను తెనుగున వ్రాయుడు. ఊరిలో కథ చెప్పు ముసలివా రుందురేని పిలిచి ముందు పీటపై గూర్చుండబెట్టుడు. ఇతరులు మన కథలను పాడుచేసిరని వగచుట సులభము; మనము వానిని ఆడకపోవుటచే కలిగిన నష్టము అంతకంటె పెద్దది. దానిని పూడ్చుట మన చేతిలోని పని.