స్కాన్ బాగుంది, మనిషి సంగతో?

కొత్త రక్తనాళాలు పుట్టకపోతే కేన్సర్ గడ్డ ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పెరగలేదని 1971లో అమెరికన్ సర్జన్ జూడా ఫోక్‌మన్ అంటే నమ్మినవాళ్లు తక్కువ. ఆ నాళాలను పెంచే ముఖ్యమైన ప్రోటీన్ వీఈజీఎఫ్. దాన్ని అడ్డుకునే బెవాసిజుమాబ్‌కు 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇప్పుడు దాని బయోసిమిలర్లను, అంటే దాదాపు దానిలాగే పనిచేసే మందులను, హైదరాబాద్ కంపెనీలూ తయారుచేస్తున్నాయి.

మరి గడ్డలో ఆ ప్రోటీన్‌ను ఎక్కువగా వదిలేదెవరు? గ్లియోబ్లాస్టోమా అనే మెదడు కేన్సర్‌లో డ్యూక్ యూనివర్సిటీకి చెందిన జెరెమీ రిచ్ బృందం 2006లో దీనికి జవాబు చెప్పింది. గడ్డలోని కణాలన్నీ ఒక్క తీరువి కావు. కొన్నిటికే గడ్డను మళ్లీ మొదలుపెట్టే శక్తి ఉంటుంది. కేన్సర్ మూలకణాలంటే అవే. మిగతావాటి కంటే అవి వీఈజీఎఫ్‌ను చాలా ఎక్కువగా వదులుతున్నాయని, ఎలుకల్లో అవి పెంచిన గడ్డల నిండా రక్తనాళాలేనని, బెవాసిజుమాబ్ ఇస్తే ఆ గడ్డల పెరుగుదల తగ్గిందని తేలింది. లెక్క కుదిరినట్టే అనిపించింది.

రోగుల దగ్గరికొచ్చేసరికి కుదరలేదు. కొత్తగా జబ్బు బయటపడినవారికి మామూలు చికిత్సతో పాటు ఈ మందు ఇచ్చి చూసిన రెండు పెద్ద ట్రయల్స్ ఫలితాలు 2014లో వచ్చాయి. జబ్బు ముదరడం కొన్ని నెలలు ఆలస్యమైంది కానీ ఆయుష్షు పెరగలేదు. ఇందులో ఇంకో మెలిక ఉంది. ఈ మందు వల్ల గడ్డలోని నాళాల గోడలు కారడం ఆగితే, లోపల కణాలు చావకపోయినా ఎంఆర్ఐలో గడ్డ తగ్గినట్టే కనిపిస్తుంది. వాపు దిగి, స్టెరాయిడ్లు తగ్గించుకునే వీలు కలగడం మేలే. ఆ మేలును ఆయుష్షు ఖాతాలో వేయకూడదు.

మూలకణాల పరిశోధన వృథా అనడం లేదు. మందు ఎందుకు ఓడిందో తెలియాలన్నా ఆ పరిశోధనే దిక్కు. మూలకణాలు స్వయంగా నాళాల గోడ కణాలుగా మారగలవని 2010లో రెండు బృందాలు చూపాయి. అదే జరిగితే ఒక్క వీఈజీఎఫ్‌ను మూసినంత మాత్రాన దారులన్నీ మూసుకుపోవు.

నా అభ్యంతరమల్లా ఎలుకలో గడ్డ తగ్గగానే ‘కేన్సర్‌కు చెక్’ అని అచ్చేసే మన పత్రికల మీదే. పొలం అమ్మి మందు కొనే ఇంటివాళ్లు అడగాల్సింది ‘స్కాన్‌లో తగ్గుతుందా డాక్టరుగారూ?’ అని కాదు. ‘దీనివల్ల మనిషి ఎన్నాళ్లు ఎక్కువ బతుకుతాడు? ఆ రోజులు ఎలా గడుస్తాయి?’ అని. దానికి ‘ట్రై చేద్దాం’ అన్నది జవాబు కాదు. ట్రయల్స్‌లో తేలిన అంకెలు అర్థమయ్యే తెలుగులో చెప్పాకే బిల్లు చేతికివ్వాలి.