ఆయాసపడితే కూర్చోమనకండి

మన ఇళ్లలో ఆడవాళ్లకి ప్రేమగా చెప్పే మాట ఒకటుంది. "ఆయాసపడుతున్నావు, ఇక చాలు, కూర్చో." సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్ దగ్గర పొద్దున్నే నడిచే ఆడవాళ్లలో ఈ మాట విననివాళ్లు తక్కువే. విచిత్రమేమిటంటే, వాకింగ్‌లో వినిపించే ఈ మాట ఇంట్లో పనప్పుడు వినిపించదు. కూరగాయల సంచులతో మూడో అంతస్తు ఎక్కినా, తడిబట్టల బకెట్ డాబా మీదికి మోసినా వచ్చేది అదే ఆయాసం. అప్పుడెవరూ కూర్చోమనరు. ఇంటి కోసం వచ్చే ఆయాసం మామూలు, మన కోసం మనం తెచ్చుకునేది మాత్రం ప్రమాదం! ఈ లెక్క తప్పని నా గట్టి అభిప్రాయం.

ఆయాసమంటే ఒంట్లో గాలి చాలకపోవడం అనుకుంటాం. ఆరోగ్యంగా ఉన్న మనిషి వేగంగా నడిచినా రక్తంలో ఆక్సిజన్ దాదాపు అలాగే ఉంటుంది. పెరిగేది కండరాలు తయారుచేసే కార్బన్ డయాక్సైడ్. దాన్ని ఎప్పటికప్పుడు బయటికి పంపాలి. మెదడు అడుగున మెడుల్లా అనే చోట ఊపిరిని నడిపే కేంద్రం ఉంది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ కాస్త పెరగబోయినా అది పసిగట్టి ఊపిరి వేగం, లోతు పెంచేస్తుంది. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీల్చే మనం, గట్టిగా వ్యాయామం చేస్తే అంతకి ఎన్నో రెట్లు పీలుస్తాం. ఇది బలహీనత కాదు, ఒళ్లు తన పని తాను చేసుకోవడం.

ఇంకో సంగతి తెలిసినప్పుడు నాకు భలే అనిపించింది. కాళ్లని కదలమని చెప్పేటప్పుడే మెదడు ఊపిరికీ కబురు పంపుతుందట. అందుకే రక్తంలో ఏ మార్పూ రాకముందే, మొదటి అడుగులతోనే ఊపిరి పెరుగుతుంది. మూడు నాలుగు నిమిషాలు పోయాక ఒక పద్ధతిలో పడుతుంది. మనలో చాలామంది ఆ మూడు నాలుగు నిమిషాల్లోనే "నా వల్ల కాదు" అని ఆగిపోతాం. కుదురుకోబోయే ముందే ఆపేస్తున్నామన్నమాట.

నిజంగా గాలి చాలని చోటు వేరే ఉంది. 2014 మే 25న మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లయినా నిండకుండా ఎవరెస్ట్ ఎక్కింది. ఆ శిఖరం మీద గాలి ఒత్తిడి ఇక్కడున్నదాంట్లో సుమారు మూడో వంతే. అంత ఎత్తులో ఊపిరిని తరిమేది ఆక్సిజన్ కొరతే. మెడలోని పెద్ద రక్తనాళాల పక్కనుండే చిన్న కణుపులు ఆ కొరతని కనిపెట్టి మెదడుకి చెబుతాయి. ఆ అమ్మాయి కొండలెక్కడం మొదట నేర్చుకున్నది మనకి దగ్గర్లోని భువనగిరి గుట్ట మీద. అక్కడ ఆయాసపడ్డప్పుడు "చాలు, కూర్చో" అని ఇంటికి పంపేసి ఉంటే?

మనం ఎవరెస్ట్ ఎక్కక్కర్లేదు. రోజూ నడిస్తే కొన్ని వారాలకి అదే దూరం, అదే వేగం తక్కువ ఊపిరితో అయిపోతుంది. ఎంత వేగం సరిపోతుందో తెలుసుకోడానికి చేతికి వాచీ కూడా అక్కర్లేదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. నాలుగు మాటలకే ఊపిరి తెగిపోతుంటే కాస్త నెమ్మదించాలి.

అలాగని ప్రతి ఆయాసాన్నీ పళ్లబిగువున భరించమనట్లేదు. నిన్నటిదాకా సులువుగా ఎక్కిన మెట్లు ఇవాళ కష్టమైతే, పడుకున్నా ఊపిరాడకపోతే, ఛాతీలో నొప్పి గానీ కాళ్లవాపు గానీ తోడైతే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. మన రాష్ట్రంలో సగం మంది కంటే ఎక్కువ ఆడవాళ్లకి రక్తహీనత ఉంది. గర్భిణులు కాని ఆడవాళ్లకి హిమోగ్లోబిన్ 12 కన్నా తగ్గితే రక్తహీనతే. ఆక్సిజన్ మోసేది అదే కాబట్టి, అది బాగా తగ్గితే చిన్న పనికే రొప్పు వస్తుంది. దాన్ని "వయసు", "లావు" అని కొట్టిపారేసేది ఇంట్లోవాళ్లే కాదు, మనం కూడా. ఒక చిన్న రక్తపరీక్షతో తేలిపోయే విషయానికి ఏళ్లకేళ్లు సర్దుకుపోతాం.

అందుకే ఇంట్లోవాళ్లకి నాదొక మనవి. మీ అమ్మో, అత్తగారో, భార్యో ఆయాసపడుతుంటే వెంటనే కూర్చోమనకండి. "ఇది రోజూ వచ్చేదేనా, కొత్తగా వస్తోందా?" అని అడగండి. రోజూ వచ్చేదే, కాసేపు ఆగితే తగ్గేదే అయితే పక్కన నడవండి. కొత్తదైతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. డాబా మీదికి మోసే ఆ బకెట్ సంగతంటారా, ఆయాసం ఉన్నా లేకపోయినా అందుకోవచ్చు!