తాడు రెండో కొస

నానక్‌రామ్‌గూడలో ఎక్కడ నిలబడి తలెత్తినా అద్దాల మేడలే. కాస్త పరికించి చూస్తే ఒక్కోసారి ఆ అద్దాల మీద మనిషి కూడా కనిపిస్తాడు. నడుముకి బెల్టు, పక్కన వేలాడే బకెట్టు, చేతిలో తడిగుడ్డ. ఇరవయ్యో అంతస్తు బయట గాలిలో కూర్చుని నింపాదిగా అద్దం తుడుస్తుంటాడు. కింద టీ తాగుతున్నవాళ్లు ‘అమ్మో, ఎంత ధైర్యం!’ అనుకుంటారు. ధైర్యం సరే, ఆ మనిషి ప్రాణం ఉన్నది మాత్రం పైన, తాడు రెండో కొసలో. పద్ధతిగా పనిచేసేచోట అతనికి రెండు తాళ్లుంటాయి. ఒకటి బరువు మోసేది, రెండోది అది తెగితే ఆదుకునేది. రెండింటినీ ఒకే కొక్కేనికి కట్టరు. వేర్వేరు చోట్ల కడతారు.

తాటిచెట్టెక్కే గీత కార్మికుడికీ ఇదే లెక్క. మోకు జారితే మనిషి దక్కడు. అందుకే తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో గీత కార్మికులకు తాళ్లు, బెల్టులతో కూడిన కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మేడ కదలదు, చెట్టు కదలదు. కాబట్టి మనిషిని వాటికి కట్టేయడమే క్షేమం.

మరి తాడు అవతలి కొసన ఉన్నది కదిలేదైతే? అదీ మనకన్నా బలమైనదైతే?

కొమ్ముకోణం లాగితే...

అనకాపల్లి జిల్లా పూడిమడక మత్స్యకారులకు ఈ ప్రశ్న కొత్త కాదు. 2025 జులైలో అక్కణ్నుంచి చిన్న బోటులో వేటకు వెళ్లిన జాలర్ల గాలానికి పెద్ద కొమ్ముకోణం తగిలింది. ఇంగ్లిషులో బ్లాక్ మార్లిన్ అనే చేప ఇదే. గాలపు తాడు పట్టుకుని లాగుతున్న యువకుణ్ని చేప ఒక్క ఊపుతో సముద్రంలోకి ఈడ్చుకుపోయింది. తోటివాళ్లు చూస్తుండగానే అతను గల్లంతయ్యాడు. అంతకుముందు 2022 ఫిబ్రవరిలో, అదే తీరాన ముత్యాలమ్మపాలేనికి చెందిన మరో జాలరి కొమ్ముకోణం పొడిచి చనిపోయాడు. 

ఈ చేప బలమెంతో తెలియాలంటే 1953 నాటి రికార్డు చూడాలి. పెరూ దేశంలోని కాబో బ్లాంకో దగ్గర గాలానికి చిక్కిన బ్లాక్ మార్లిన్ బరువు 707 కిలోలు. అంటే ఏడు బస్తాల బియ్యం కాదు, దగ్గరదగ్గర పాతిక కిలోల బస్తాలు ఇరవై ఎనిమిది! మన తీరంలో పడేవి అంత ఉండకపోవచ్చు. కానీ ఊగే పడవలో నిలబడ్డ మనిషిని పడెయ్యడానికి వంద కిలోల చేప చాలు.

పల్లెల్లో పెద్దవాళ్లు ఎద్దును తోలుకెళ్లే పిల్లలకు మొదట చెప్పే మాట ఒకటుంది: పలుపు చేతికి చుట్టుకోవద్దురా అని. ఎద్దు బెదిరితే తాడు వదిలేయడానికి వీలుండాలి. సముద్రంలోనూ ఇదే సూత్రం. చేతికి చుట్టుకున్న తాడు చేపను పట్టదు, మనిషిని పట్టిస్తుంది.

బెండు ఎందుకు?

నానక్‌రామ్‌గూడ నుంచి సముద్రం మూడొందల కిలోమీటర్లకు పైనే. అయినా వారాంతంలో విశాఖకో, సెలవు పెట్టి అండమాన్‌కో వెళ్లి నీళ్లలో మునగడం నేర్చుకుంటున్న సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకు కొదవలేదు. మునగడం రుచిమరిగాక కొందరి చూపు విదేశాల్లో జరిగే ఈటె వేట మీద పడుతుంది. దానికి వాడేది స్పియర్‌గన్. పేరుకు తుపాకీయే కానీ మందుగుండు ఉండదు. బిగలాగిన రబ్బరు పట్టీలు మీట నొక్కగానే ఉక్కు ఈటెను విసురుతాయి. చేపకు ఈటె దిగాక అసలు కథ మొదలవుతుంది. ఊపిరి బిగబట్టి లోపలున్న మనిషి పైకి రావాలి. చేప కిందికి పోవాలని చూస్తుంది. ఎవరి తొందర వాళ్లది. 

ఈ తగవు తీర్చేది బెండు. తుపాకీ నుంచి గానీ, ఈటె నుంచి గానీ ఒక పొడవాటి తాడు పైకి వెళ్తుంది. దాని రెండో కొస నీటి మీద తేలే బెండుకి కట్టి ఉంటుంది. మనిషి తుపాకీ వదిలేసి పైకి వచ్చేస్తాడు. చేప బెండుతో పెనుగులాడుతుంది. అది అలిసిపోయాక తాడు పట్టుకుని లాక్కోవడమే. 

ఇది కొత్త ఉపాయమేం కాదు. ధ్రువప్రాంతపు ఇన్యూట్ జాతివాళ్లు సీల్ చర్మాన్ని గాలితో ఉబ్బించి ఈటె తాడుకి కట్టేవారు. గుజరాత్‌లోని వెరావల్ తీరంలో ఒకప్పుడు వేల్ షార్కులను పీపాలు కట్టి అలుపెక్కించి పట్టేవారు. 2001లో ఆ చేపను రక్షిత జాబితాలో చేర్చాక ఆ వేట నేరమైంది. ‘జాస్’ (1975) చూసినవాళ్లకు సొరచేప వెనకాల పరుగెత్తే పసుపు పీపాలు గుర్తుండే ఉంటాయి. 

బెండు బలం లెక్క కట్టడం తేలిక. నానక్‌రామ్‌గూడలో ప్రతి గదిలోనూ ఉండే 20 లీటర్ల నీళ్ల క్యాన్‌నే తీసుకోండి. ఖాళీ చేసి, మూత గట్టిగా బిగించి సముద్రంలో ముంచబోతే అది దాదాపు 20 కిలోల బలంతో పైకి తంతుంది. చేప ఎంతసేపు కిందికి ఈదితే అంతసేపూ ఆ బరువు లాగాల్సిందే. పైగా ఈ బలం పట్టువిడుపులున్న బలం. తాడును కదలని దూలానికి కట్టేస్తే ఒక్క విసురుకి తెగుతుంది. హెమింగ్వే ‘ది ఓల్డ్ మ్యాన్ అండ్ ద సీ’ నవలలో ముసలి జాలరి తాడును పడవకి కట్టకుండా వీపు మీదుగా వేసుకుని పట్టుకునేది ఈ భయంతోనే. ఒకటే చిక్కు. గాలితో ఊదే మెత్తని బెండును చేప 10 మీటర్ల లోతుకి లాక్కుపోతే, అక్కడి ఒత్తిడికి లోపలి గాలి సగానికి కుంచించుకుపోతుంది. దాంతో తేల్చే బలమూ సగమే మిగులుతుంది. పెద్ద చేపల వేటకు గట్టి బెండ్లు వాడటం అందుకే. 

ముడిలో ఉంది మర్మం

ఇంత ఏర్పాటూ నిలిచేది ముడి మీద. ముడి వేసినచోట తాడు బలం తగ్గుతుందన్న సంగతి చాలామందికి తెలియదు. వంపు తిరిగినచోట బయటి పోగుల మీదే భారమంతా పడుతుంది. ముడిని బట్టి బలంలో పావువంతు నుంచి మూడోవంతు దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పోతుంది. అందుకే లెక్క ముడి బలంతో చూసుకోవాలి, కొట్టువాడు చెప్పే తాడు బలంతో కాదు.

బాగా పనికొచ్చే ముడి బౌలైన్. తాడులో చిన్న చుట్టు వేసి, కొసను కిందినుంచి ఆ చుట్టులోకి పైకి తీసి, అసలు తాడు వెనక నుంచి తిప్పి, మళ్లీ అదే చుట్టులోంచి కిందికి దింపి బిగించాలి. ఎంత లాగినా ఉచ్చు బిగుసుకోదు, పని అయ్యాక సులువుగా ఊడుతుంది. కానీ తాడు వదులైనప్పుడు ఈ ముడి కదిలి సడలుతుంది. అందుకే మిగిలిన కొసను తాడు మందానికి కనీసం పది రెట్లు వదిలి, దాంతో ఇంకో ముడి వేసి ఆపాలి. నున్నటి నైలాన్ దారానికి ముళ్లు జారతాయి. దానికి లోహపు గొట్టం తొడిగి యంత్రంతో నొక్కించడం మేలు. ముడి బిగించేముందు తడపడం మరవకూడదు. పొడిగా బిగిస్తే రాపిడికి పోగులు దెబ్బతింటాయి. 

తుపాకీ వైపు తాడును పిడి వెనక, అందుకోసమే ఉంచిన గట్టి రంధ్రానికి కట్టాలి. మీట చుట్టూ ఉండే పల్చటి ప్లాస్టిక్ కమ్మీకి కట్టడం ప్రమాదం. మధ్యలో తిరుగుడు కొక్కెం పెడితే తాడు మెలిపడదు. కొక్కెం నోరు తనంతట తాను తెరుచుకోకుండా తాళం ఉన్నది ఎంచుకోవాలి. భారీ చేపలకైతే తాడును నేరుగా ఈటెకే కలుపుతారు. అప్పుడు తుపాకీ చేతిలోనే మిగులుతుంది. తాడు పొడవు మునిగే లోతుకన్నా ఎక్కువ ఉండాలి. పాలీప్రొపిలీన్ తాడు నీటిమీద తేలుతుంది, నైలాన్ మునుగుతుంది. కాళ్లకు చుట్టుకోకూడదనుకుంటే తేలేది మంచిది. ఎండకు మాత్రం అది త్వరగా పెళుసెక్కుతుంది. ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టి, ముడి ముడీ తడిమి చూసుకోవాలి. 

ఇంకో మూడు మాటలు. నడుముకి, మణికట్టుకి తాడు కట్టుకోవద్దు. చిక్కుకుంటే కోసుకోవడానికి చేతికందే చోట కత్తి ఉండాలి. ఒంటరిగా దిగవద్దు. ఊపిరి బిగబట్టి మునిగేవాళ్లు పైకొచ్చేటప్పుడు ఉన్నట్టుండి స్పృహ తప్పడం మామూలే. అప్పుడు మనిషి ఎక్కడున్నాడో తోడున్నవాడికి చెప్పేది ఆ బెండే. దాని మీద చిన్న జెండా ఉంటే వచ్చే మరబోట్లూ తప్పుకుంటాయి. మన దేశంలో రక్షిత సముద్ర ప్రాంతాల్లో వేట నేరం. మిగతాచోట్ల కూడా మత్స్యశాఖ, అటవీశాఖల నిబంధనలు కనుక్కున్నాకే ముందుకెళ్లాలి.

ముడి నేర్చుకోవడానికి సముద్రం దాకా పోనక్కర్లేదు. ఆ నీళ్ల క్యానే చాలు. నిండు క్యాన్ మెడకి బౌలైన్ వేసి, వంటగదిలో జానెడు ఎత్తుకు లేపి పట్టుకోండి. నాలుగు సార్లు ఊపండి. ముడి నిలిస్తే నేర్చుకున్నట్టే. ఊడితే నేల తుడుచుకోవాల్సి వస్తుంది. ఈ పాఠం ఇంతకన్నా చౌకగా ఎక్కడా దొరకదు.