నడవమన్నారు, చోటు చూపించండి

గౌరవనీయులైన పురపాలక సంఘం కమిషనర్ గారికి,

మహిళా దినోత్సవ సభలో ఈ పట్టణపు ఆడవాళ్లకు తమరు రెండు మాటలిచ్చారు: పార్కులో నడకదారి పొడుగునా దీపాలు వెలుగుతాయని, అక్కడి మరుగుదొడ్డి తాళం తీసి ఉంచుతారని. స్తంభాలు పాతారు గాని కరెంటు ఇవ్వలేదు. మరుగుదొడ్డికి రంగులు వేశారు గాని తాళం తియ్యలేదు. వీటి గురించి మేమిచ్చిన అర్జీల మీద తమ కార్యాలయం ముద్ర ఉంది గనుక ఇవి తమకు తెలియని సంగతులు కావు. అందుకే తమ బాధ్యతను ఇప్పుడు పదిమంది వినేలా గుర్తు చేస్తున్నాను.

తెనాలిలో గాని, బాపట్లలో గాని, రేపల్లెలో గాని నలభై దాటిన ఆడమనిషి షుగరుకో బీపీకో డాక్టరు దగ్గరికి వెళితే, మాత్రలతో పాటు "రోజూ నడవమ్మా" అని చెప్పి పంపుతారు. వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అలా చేస్తే షుగరు, రక్తపోటు అదుపులో ఉంటాయి. గుండెజబ్బు, రొమ్ము క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది. నిద్ర పడుతుంది, దిగులు తగ్గుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 36 శాతం మంది ఉండవలసిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తీసేశారు, దేశం మొత్తం మీద అది 3 శాతమే. అండాశయాలు కూడా తీసేసిన వాళ్లకు ఎముకలు త్వరగా గుల్లబారతాయి. వాళ్లకు కాల్షియం బిళ్లలతో పాటు, ఒంటి బరువు కాళ్ల మీద పడే నడక కూడా కావాలి.

ఇంటిచాకిరీ, పొలంపనీ చాలవా అని తమ కార్యాలయంలోనే ఒకరు అడిగారు. రోజంతా వంగి నాట్లు వేసిన మనిషికి నడుమూ మోకాళ్లూ అరిగిపోతాయే తప్ప, తన ఒంటి కోసం తాను కేటాయించుకున్న గంట దొరకదు. వంటా, క్యారేజీలూ, పిల్లల కాలేజీ రైలూ అయ్యేసరికి ఎండెక్కుతుంది. మాకు తీరిక తెల్లవారకముందో, పొద్దుగూకాకో దొరుకుతుంది గనుక దీపం లేకపోతే పార్కు లేనట్టే. షుగరున్న మనిషికి, రెండు మూడు కాన్పులైన తల్లికి దగ్గర్లో మరుగుదొడ్డి లేకపోతే నడక సగంలోనే ఆగిపోతుంది. నడవమని చెప్పి ఇవి ఇవ్వకపోవడం, మందుల చీటీ రాసిచ్చి కొట్టు మూసెయ్యడం లాంటిది.

మేమడిగేది దయ కాదండీ. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలులో పార్కులూ, ఆటస్థలాలూ, వీధి దీపాలూ, ప్రజా మరుగుదొడ్లూ పురపాలక సంఘాల పనులుగా స్పష్టంగా రాసి ఉన్నాయి. ఇంటిపన్ను ఆలస్యమైతే మా దగ్గర వడ్డీ వసూలు చేసే కార్యాలయం, తన మాట ఆలస్యమైనందుకు మాకు కనీసం జవాబైనా చెప్పాలి.

దీపాలు ఏ తేదీకి వెలుగుతాయో, తెల్లవారుజామున, రాత్రి ఏ వేళల్లో మరుగుదొడ్డి తెరిచి ఉంటుందో, తాళం బాధ్యత ఏ ఉద్యోగిదో రాసి, సంతకం చేసి పార్కు గేటు దగ్గర అంటించండి. ఆ తేదీ దాటితే ఎవరిని అడగాలో కూడా అందులోనే రాయండి.

ఇట్లు,
భవదీయురాలు,
ఈ పట్టణంలో పన్ను కట్టే ఒక గృహిణి